‘ముందుకు వెళ్ళండి’ అనే సలహా మానాలి

పరీక్షల ఫలితాలు వచ్చిన రోజునో, ఫీజు కట్టడానికి ఆఖరి తేదీనాడో ఒక సంస్థ వెబ్‌సైట్‌కు బదులు ఎర్ర త్రికోణం, దాని కింద కనెక్షన్ సురక్షితం కాదన్న హెచ్చరిక కనిపిస్తే జనం హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తారు. అవతలి నుంచి తరచుగా వచ్చే జవాబు ఇదీ: ‘ఏం కాదండీ, కింద అడ్వాన్స్‌డ్ అని ఉంటుంది, అది నొక్కి ముందుకు వెళ్ళండి.’ అడిగినవారి పని అయిపోతుంది, చెప్పినవారి తలనొప్పి తీరుతుంది. సర్వర్ మీద సర్టిఫికెట్ గడువు దాటిపోవడం చాలాసార్లు అరగంటలో సరిచేయగల లోపం. హెచ్చరికను లెక్కచేయవద్దని వేలమందికి నేర్పడం మాత్రం ఏళ్ళు గడిచినా పూర్తిగా పోని లోపం. మొదటిదాన్ని కప్పిపుచ్చడానికి రెండోదాన్ని కొనితెచ్చుకుంటున్నాం. ఇది ఆగాలంటే సర్టిఫికెట్ల నిర్వహణను మనుషుల జ్ఞాపకశక్తి నుంచి తప్పించి యంత్రానికి అప్పగించాలి, యంత్రం మీద మనిషి కన్నేసి ఉంచాలి.

సురక్షిత కనెక్షన్ రెండు పనులు చేస్తుంది. దారిలో ఎవరూ చదవకుండా సమాచారాన్ని గుప్తీకరించడం ఒకటి. అవతల ఉన్నది నిజంగా ఆ పేరుగల సైటేనని రుజువు చూపడం రెండోది, ఆ రుజువే సర్టిఫికెట్. జనం మొదటిదాన్నే భద్రత అనుకుంటారు కానీ రెండోది లేకపోతే దానికి విలువ లేదు. పాస్‌వర్డును ఎంత గట్టిగా గుప్తీకరించినా, దాన్ని నేరుగా దొంగకే పంపితే ఏం లాభం? 2011లో డిజినోటార్ అనే నెదర్లాండ్స్ సర్టిఫికెట్ సంస్థలోకి చొరబడినవారు గూగుల్ పేరుతో సహా 500కు పైగా దొంగ సర్టిఫికెట్లు పుట్టించారు. వాటితో ఇరాన్‌లో జీమెయిల్ వాడేవారిపై నిఘా పెట్టారు. బ్రౌజర్లు ఆ సంస్థను నమ్మడం మానేశాయి, అదే ఏడాది అది దివాలా తీసింది. మన దేశానికీ ఇలాంటి అనుభవం ఉంది. నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్‌కు చెందిన సర్టిఫికెట్ విభాగం నుంచి తమ డొమైన్ల పేరిట అనుమతి లేని సర్టిఫికెట్లు వెలువడ్డాయని 2014 జూలైలో గూగుల్ బయటపెట్టింది. ఆ విభాగపు ఇంటర్మీడియట్ సర్టిఫికెట్లను, సర్టిఫికెట్ సంస్థలను నియంత్రించే భారత కంట్రోలర్ కార్యాలయం రద్దు చేసింది. భారత రూట్ సర్టిఫికెట్ క్రోమ్‌లో కొన్ని దేశీయ డొమైన్లకే చెల్లేలా పరిమితం చేస్తామని గూగుల్ ప్రకటించింది. దొంగ సర్టిఫికెట్ సంపాదించడానికి దాడి చేసేవారు అంత శ్రమ ఎందుకు పడతారు? అది లేకపోతే బ్రౌజర్ హెచ్చరిస్తుంది, జనం వెనక్కి వెళ్ళిపోతారు కాబట్టి. హెచ్చరిక దాటి వెళ్ళడానికి జనం అలవాటుపడితే ఆ శ్రమ అక్కర్లేదు.

అలవాటు ఎంత దూరం పోగలదో లెక్కలున్నాయి. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్లు చూపిన 2.5 కోట్లకు పైగా భద్రతా హెచ్చరికలను పరిశీలించి 2013లో ఒక అధ్యయనం వెలువడింది. సర్టిఫికెట్ హెచ్చరిక వచ్చినప్పుడు క్రోమ్ వాడేవారు సుమారు 70 శాతం సందర్భాల్లో దాన్ని దాటి వెళ్ళారు, ఫైర్‌ఫాక్స్‌లో 33 శాతం. ఒకే రకం హెచ్చరికకు రెండు బ్రౌజర్లలో ఇంత తేడా ఉందంటే, జనం అజ్ఞానులనే సమాధానం చాలదు. హెచ్చరికను ఎలా చూపుతున్నాం, ఎన్నిసార్లు చూపుతున్నాం అన్నదాన్నిబట్టి వారి స్పందన మారుతుంది. క్రోమ్‌లో ఏడాది పొడవునా వచ్చిన 30 కోట్లకు పైగా లోపాలను 2017లో విశ్లేషించిన మరో అధ్యయనం, వాటిలో సగానికి పైగా సర్వర్ తప్పు వల్ల కాక వాడుకరి పరికరం వల్లో నెట్‌వర్క్ వల్లో వచ్చాయని తేల్చింది. గడియారంలో తేదీ తప్పుగా ఉన్న ఫోన్లు, లాగిన్ పేజీ అడ్డుపెట్టే హోటల్, విమానాశ్రయ వైఫైలు అలాంటివి.

ఈ రెండో లెక్క చూపి ‘అయితే తప్పు మాది కాదు’ అనే నిర్వాహకులుంటారు. వారి మాటలో సగం నిజముంది. జనం ఫోన్లలోని గడియారాలను ఏ సర్వరూ సరిచేయలేదు. కానీ మన చేతిలో లేని కారణాలతో ఇప్పటికే అన్ని వృథా హెచ్చరికలు వస్తుంటే, మన చేతిలో ఉన్నవాటిని సున్నాకు తేవలసిన బాధ్యత పెరుగుతుందే గానీ తగ్గదు. పైగా తప్పు ఎటువైపుదో తేల్చడం కష్టమేమీ కాదు. ఒక్కరి ఫోన్‌లోనే హెచ్చరిక వస్తే ముందు ఆ ఫోన్ తేదీ చూడమనాలి, వైఫై మార్చి చూడమనాలి. వేర్వేరు ఊళ్ళ నుంచి, వేర్వేరు నెట్‌వర్క్‌ల నుంచి ఒకే ఫిర్యాదు వస్తుంటే చూడాల్సింది సర్వర్‌నే. హెల్ప్‌లైన్ సిబ్బంది అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది.

సర్వర్ వైపు తప్పులు కూడా అంతుచిక్కని రహస్యాలేమీ కావు. హెచ్చరిక పేజీలోనే ఒక కోడ్ ఉంటుంది, అది సాధారణంగా ఈ మూడు మాటల్లో ఒకటి చెబుతుంది: తేదీ చెల్లదు, పేరు సరిపోలేదు, జారీచేసినవారిని నమ్మలేను. తేదీ చెల్లదంటే అందరూ గడువు తీరిందనే అనుకుంటారు. తరచుగా జరిగేది మరొకటి. కొత్త సర్టిఫికెట్ వచ్చి డిస్క్ మీద కూర్చుంటుంది. ఎన్‌జినెక్స్ వంటి సర్వర్ మాత్రం మొదలైనప్పుడు మెమరీలోకి తీసుకున్న పాతదాన్నే, రీలోడ్ చేసేదాకా చూపిస్తూ ఉంటుంది. లోడ్ బ్యాలెన్సర్ వెనక రెండు సర్వర్లుండి ఒకదానిలోనే మార్చితే, లోపం ఒకసారి వచ్చి ఒకసారి రాక అందరినీ తికమక పెడుతుంది. పేరు సరిపోలేదంటే ముందు డబ్ల్యుడబ్ల్యుడబ్ల్యు ఉన్న పేరుకీ లేని పేరుకీ రెండింటికీ సర్టిఫికెట్ ఉందా అని చూడాలి. నక్షత్రం గుర్తుతో తీసుకున్నది ఒక్క అంచె ఉపడొమైన్‌కే చెల్లుతుంది, అసలు డొమైన్‌ను అందులో విడిగా చేర్చాలి. ఒకే ఐపీ మీద అనేక సైట్లున్నచోట, అడిగిన పేరుకు అమరిక లేకపోతే సర్వర్ తన డిఫాల్ట్ సైట్ సర్టిఫికెట్‌ను అందించేస్తుంది.

మూడోది, అంటే జారీచేసినవారిని నమ్మలేనన్నది, అన్నిటికన్నా ఎక్కువ మోసం చేసేది. మన సర్టిఫికెట్‌పై బ్రౌజర్‌కు తెలిసిన రూట్ నేరుగా సంతకం చేయదు, మధ్యలో ఇంటర్మీడియట్ ఒకటుంటుంది. సర్వర్ తన సర్టిఫికెట్‌తోపాటు దాన్నీ పంపాలి. పంపకపోయినా ఆఫీసులోని డెస్క్‌టాప్ బ్రౌజర్ ఆ లంకెను వేరేచోట నుంచి తెచ్చుకునో, ముందే దాచుకున్నదాన్ని వాడుకునో పేజీని మామూలుగా తెరిచేస్తుంది. అందుకే ‘మాకు బాగానే వస్తోంది’ అంటారు. అదే సమయంలో మొబైల్ యాప్ ఆగిపోతుంది, పేమెంట్ గేట్‌వే నుంచి రావలసిన సమాచారం రాదు, డబ్బు కట్టినవారికి రసీదు పుట్టదు. సర్టిఫికెట్లు తెచ్చిపెట్టే సర్ట్‌బాట్ అనే ప్రోగ్రామ్ ఇచ్చే ఫైళ్ళలో మొత్తం గొలుసు ఉన్నదాన్ని కాక ఒక్క సర్టిఫికెట్ ఉన్నదాన్ని అమర్చడం దీనికి మామూలు కారణం. కాబట్టి పరీక్షించాల్సింది ఆఫీసు బ్రౌజర్‌తో కాదు. బయటి నెట్‌వర్క్ నుంచి ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ వంటి పనిముట్టుతో, సైట్ పేరు చెప్పి, సర్వర్ వరసగా ఏయే సర్టిఫికెట్లు పంపుతోందో చూడాలి. గొలుసు అంతా సరిగ్గా ఉన్నా అవతలి పరికరం పాతదైతే చిక్కు తప్పకపోవచ్చు. 2021 సెప్టెంబర్ 30న పాత రూట్ ఒకటి గడువు తీరినప్పుడు, లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఉచితంగా ఇచ్చే సర్టిఫికెట్లున్న సైట్లు పాత ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ఉన్న యంత్రాల్లో ఆగిపోయాయి.

కారణం వెతకడానికి బదులు తనిఖీనే ఆపేయడం ‘ముందుకు వెళ్ళండి’కి ప్రోగ్రామర్ల రూపం. సర్టిఫికెట్ లోపం వచ్చిందని కోడ్‌లో ధ్రువీకరణను తాత్కాలికంగా మూసేస్తారు. ఆ తాత్కాలికం ఏళ్ళపాటు నడుస్తుంది. టెక్సస్, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు 2012లో చూసినప్పుడు అమెజాన్, పేపాల్ వంటి సంస్థల చెల్లింపుల లైబ్రరీల్లోనే సర్టిఫికెట్ తనిఖీ విరిగి ఉంది. కనీసం బ్రౌజర్ మనిషికి హెచ్చరిక చూపి అడుగుతుంది. ఇలాంటి కోడ్ ఎవరినీ అడగదు. గడువు తీరిన సర్టిఫికెట్‌ను ఎవరూ పట్టించుకోకపోతే ఏమవుతుందో 2017లో అమెరికా పరపతి వివరాల సంస్థ ఈక్విఫాక్స్ చూసింది. లోపలి ట్రాఫిక్‌ను తనిఖీ చేసే పరికరంలో సర్టిఫికెట్ గడువు దాటి నెలలు గడిచాయి, ఆ పరికరం కళ్ళు మూసుకుంది. ప్యాచ్ చేయని వెబ్ సాఫ్ట్‌వేర్ గుండా చొరబడినవారు 76 రోజులు లోపల తిరిగారు. జూలై 29న కొత్త సర్టిఫికెట్ పెట్టగానే అనుమానాస్పద రాకపోకలు కనబడ్డాయి. అప్పటికి 14 కోట్లకు పైగా మంది వివరాలు పోయాయి.

ఇదంతా డబ్బు లేక, నిపుణులు లేక జరిగేదైతే పెద్ద సంస్థల్లో జరగకూడదు. 2018 డిసెంబర్ 6న ఎరిక్సన్ సాఫ్ట్‌వేర్‌లోని ఒక సర్టిఫికెట్ గడువు తీరి బ్రిటన్‌లో ఓ2 నెట్‌వర్క్ డేటా సేవలు రోజంతా ఆగిపోయాయి. దాని చందాదారులు సుమారు 3.2 కోట్లు. 2020 ఫిబ్రవరి 3న మైక్రోసాఫ్ట్ టీమ్స్ గంటల తరబడి ఆగింది, కారణం అదే. 2018 డిసెంబర్ చివర అమెరికా ప్రభుత్వం పాక్షికంగా మూతపడినప్పుడు, సిబ్బంది సెలవులో ఉండగా 80కి పైగా ప్రభుత్వ సర్టిఫికెట్లు గడువు దాటాయి. న్యాయశాఖకు చెందిన ఒక సైట్ హెచ్‌ఎస్‌టీఎస్ అనే కఠిన నియమాన్ని ముందే పెట్టుకుంది కాబట్టి అక్కడ బ్రౌజర్ దాటి వెళ్ళే మీటనే చూపలేదు. ఆ నియమం లేని సైట్లలో జనం హెచ్చరికను దాటుకుని పాస్‌వర్డులు ఇచ్చే వీలుండిపోయింది. ఈ ఉదంతాలన్నిటిలో లోపించింది సాంకేతిక జ్ఞానం కాదు. ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి వచ్చే పనిని గుర్తుంచుకునే మనిషి ఆ రోజు అక్కడ లేడు. అరుదుగా వచ్చే పని కాబట్టే మరిచిపోతారు. చేసినవారు బదిలీ అవుతారు, ఎలా చేశారో రాసిపెట్టరు.

అందుకే గడువును కుదిస్తున్న నిర్ణయాన్ని నేను సమర్థిస్తాను. 2018లో 825 రోజులున్న గరిష్ఠ గడువు 2020 సెప్టెంబర్ నుంచి 398కి తగ్గింది. సర్టిఫికెట్ సంస్థలు, బ్రౌజర్ తయారీదార్లు కలిసిన వేదిక 2025 ఏప్రిల్‌లో ఆమోదించిన ప్రకారం అది 2026 మార్చి 15 నుంచి 200, 2027 మార్చి 15 నుంచి 100, 2029 మార్చి 15 నుంచి 47 రోజులే. చేత్తో చేసేవారికి ఇది శిక్షే. కానీ ఏడాదికి ఎనిమిదిసార్లు చేత్తో చేయడం కుదరదు కాబట్టి యంత్రానికి అప్పగించక తప్పదు. గడువు దగ్గరపడిందని గుర్తుచేసే మెయిళ్ళను లెట్స్ ఎన్‌క్రిప్ట్ కూడా 2025 జూన్‌లో ఆపేసింది.

అభ్యంతరాలు తేలికైనవి కావు. గడువు దాటిన మరుక్షణం గుప్తీకరణ బలహీనపడదు కదా, ఇంత రాద్ధాంతం ఎందుకని నిపుణులే అడుగుతారు. నిజమే, బలహీనపడదు. తూనికల శాఖ ముద్ర గడువు దాటిన రాయి కూడా ఆ రోజే బరువు తగ్గదు, కానీ అది సరైనదని చెప్పే పూచీ ఆ రోజుతో పోతుంది. సర్టిఫికెట్ల విషయంలో ఈ పూచీ మరీ ముఖ్యం, ఎందుకంటే సర్టిఫికెట్‌కు జంటగా సర్వర్ రహస్యంగా ఉంచుకునే తాళంచెవి దొంగల చేతిలో పడ్డాక సర్టిఫికెట్‌ను రద్దు చేసినా ఆ కబురు బ్రౌజర్లన్నిటికీ నమ్మకంగా చేరే ఏర్పాటు ఈనాటికీ అరకొరే. గడువు ఒక్కటే తప్పకుండా పనిచేసే రద్దు. ఒకే ఉచిత సంస్థ మీద అందరూ ఆధారపడటం ప్రమాదం కాదా అన్నది రెండో ప్రశ్న. ప్రమాదమే. 2020లో లెట్స్ ఎన్‌క్రిప్ట్ తన తనిఖీలో దోషం బయటపడి సుమారు 30 లక్షల సర్టిఫికెట్లను కొద్ది రోజుల్లో రద్దు చేస్తానంది. గడువులోగా మారినవి 17 లక్షల పైచిలుకు. మారనివాటిలో చాలావాటిని, సైట్లు ఆగిపోతాయన్న భయంతో రద్దు చేయకుండా వదిలేయాల్సి వచ్చింది. యంత్రంతో ఎప్పుడంటే అప్పుడు మార్చుకోగలిగినవారికి అది పెద్ద సంగతి కాలేదు. ఆక్మీ అనే ఆ పద్ధతి 2019 నుంచి బహిరంగ ప్రమాణం, దాన్ని పాటించే జారీ సంస్థలు ఒకటికి మించి ఉన్నాయి, రెండోదాన్ని సిద్ధంగా ఉంచుకోవచ్చు.

యంత్రమూ విఫలమవుతుంది కదా అన్నది మూడోది. అవుతుంది. ఫైర్‌వాల్‌లో 80వ పోర్టు మూసేస్తే డొమైన్ తనిఖీ ఆగిపోవచ్చు. డీఎన్‌ఎస్‌లో పాత సర్వర్ ఐపీవీ6 చిరునామా మిగిలిపోతే తనిఖీ అక్కడికి పోవచ్చు. కంగారులో అదే సర్టిఫికెట్‌ను మళ్ళీ మళ్ళీ తీసుకుంటే లెట్స్ ఎన్‌క్రిప్ట్ పెట్టిన వారానికి ఐదు అనే పరిమితి అడ్డుపడుతుంది, అందుకే ముందు నమూనా పరుగు పెట్టి చూడాలి. అయితే 90 రోజుల సర్టిఫికెట్‌ను సర్ట్‌బాట్ సాధారణంగా 30 రోజులుండగానే మార్చడానికి ప్రయత్నిస్తుంది. ఈరోజు విఫలమైతే కనిపెట్టి సరిచేయడానికి నెల రోజుల వ్యవధి ఉంటుంది, ఎవరో ఒకరు చూస్తుంటే. మనిషి మరిచిపోతే తెలిసేది జనం ఫోన్ చేశాకే. ఆక్మీ తెలియని పాత పరికరాల మాటేమిటంటే, వాటిని నేరుగా బయటికి తెరవకుండా ముందు ఒక ప్రాక్సీ పెట్టి ఆ సర్టిఫికెట్‌ను స్వయంచాలకం చేయవచ్చు.

ఇక చేయాల్సింది టెండర్ పత్రాల్లో, ఒప్పందాల్లో. సైట్ చేయించుకునే ప్రతి శాఖ, కళాశాల, సహకార బ్యాంకు నాలుగు షరతులు రాయించాలి. సర్టిఫికెట్ మార్పు, ఆ తర్వాతి రీలోడ్ స్వయంచాలకంగా జరగాలి. సర్వర్ చూపిస్తున్న సర్టిఫికెట్‌ను, దాని గొలుసును బయటి నుంచి రోజూ పరీక్షించి, 20 రోజులకన్నా తక్కువ మిగిలితే కనీసం ఇద్దరికి కబురు వెళ్ళాలి. 47 రోజుల గడువు వచ్చాక ఆ హద్దును తగ్గించుకోవచ్చు. డొమైన్ ఖాతా, దాని మెయిల్ చిరునామా కాంట్రాక్టర్ వ్యక్తిగత పేరుమీద కాక సంస్థ పేరుమీద ఉండాలి. ధ్రువీకరణను ఆపేసిన కోడ్ ఉంటే పనిని స్వీకరించకూడదు. హెల్ప్‌లైన్ చేతిపుస్తకంలో ఒక వాక్యం మార్చాలి: ‘ముందుకు వెళ్ళండి’ తీసేసి ‘వివరాలేవీ ఇవ్వకండి, సైట్ సరయ్యాక కబురు చేస్తాం, ఆఖరి తేదీ పొడిగిస్తాం’ అని రాయాలి. తేదీ పొడిగించాల్సి వస్తుందన్న భయం ఉన్నచోట సర్టిఫికెట్లు గడువులోపే మారతాయి.