కుర్చీ ఎవరికి, గేటు ఎవరికి?

పుట్టినరోజుకో, చనిపోయిన పెద్దల పేరు మీదో ఊరివాళ్ళు బడి పిల్లలకు అన్నం పెట్టడాన్ని సర్కారు తిథి భోజనం అంటోంది. గుజరాత్‌లో మొదలైన ఈ పద్ధతిని అన్ని రాష్ట్రాల్లో నడపమంటోంది. పెట్టేవాళ్ళని పెట్టనీ. మా తగువు అన్నంతో కాదు, పంక్తితో. వండేదెవరు? పక్కన కూచునేదెవరు?

బడిలో వేడి అన్నం ఎవరి దయా కాదు. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఇమ్మన్నది. వంటపనిలో దళితులకు ముందు చోటివ్వాలని 2004 ఏప్రిల్ 20న అదే కోర్టు చెప్పింది. అయినా మన ఆడమనిషి గరిటె పడితే ఇంటినుంచి క్యారేజీ తెచ్చుకునే పిల్లలున్నారు. ఆ పసివాళ్ళననేదేముంది, ఇంట్లో నేర్పిందే!

జెండా పండక్కి కుర్చీలు ఎవరికేస్తున్నారో చూడండి. పలకలు పంచిన ఆసామికి దండ. బడి గోడకు రాళ్ళు మోసిన మన తాతకు గేటవతల చోటు. ఆసామిని ఊరేగించడానికి మాత్రం ఆయన డప్పు కావాలి. 1855లోనే పూనాలో ఫూలే దంపతులు కూలీలకు, రైతులకు రాత్రిబడి పెట్టారు. అక్కడ పెద్దలు బడిలోపలే కూచున్నారు.

2009 విద్యాహక్కు చట్టం ప్రకారం సర్కారు బడి కమిటీలో ముప్పాతిక మంది పిల్లల తల్లిదండ్రులు, సంరక్షకులే. సగంమంది ఆడవాళ్ళుండాలి. మన పిల్లల లెక్కకు తగ్గట్టు మనవాళ్ళుండాలి. సంఘం కార్యకర్తలు ఆ కమిటీలో మాట్లాడించాలి. వచ్చే జనవరి 26కి మన అవ్వాతాతలకు ముందు వరసలో కుర్చీలేయించాలి. డప్పు తాతను కొట్టడానికి కాదు, పిల్లలందరికీ దరువు నేర్పడానికి పిలవాలి. నాట్ల పాటలొచ్చిన అవ్వచేత పాట చెప్పించాలి. తర్వాత అందరికీ ఒకే పంక్తి.

ఏ ఊళ్ళో కాదన్నారో మాకు రాయండి.