అభ్యర్థులారా, శాస్త్రమును గూర్చి నోరు విప్పుడు!

ఎన్నికలు వచ్చినప్పుడెల్ల మన శ్రీకాకుళ, విజయనగర జిల్లాలలో సభలు జరుగును, దండలు పడును, వాగ్దానములు కురియును. కులమును గూర్చి వినుచున్నాము, కానుకలను గూర్చి వినుచున్నాము. కాని మన ప్రాణములు ఏ శాస్త్రవిషయములపై నాధారపడియున్నవో, వానిని గూర్చి అభ్యర్థులు ఒక్క వేదికపై నిలిచి వాదించుట మన మెన్నడైన చూచితిమా?

ఉద్దానమును చూడుడు. ఇచ్ఛాపురము మొదలు వజ్రపుకొత్తూరు వరకు కొబ్బరికిని జీడిమామిడికిని పేరుగన్న ఆ పచ్చని నేలపై దశాబ్దములుగా మూత్రపిండవ్యాధి తాండవించుచున్నది. మధుమేహముగాని రక్తపుపోటుగాని లేని రైతుకూలీలు సైతము దానివాత బడుచున్నారు. దోషము నీటిదా, పురుగుమందులదా, ఎండలో చెమటోడ్చి దేహము శోషించుటవలననా, వంశానుగతమా? నిర్ణయము కాలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రియు పరిశోధన కేంద్రమును ప్రారంభమైనవి. వంశధార నీటిని గొట్టములద్వారా తెచ్చు పథకమును వచ్చినది. సంతోషమే. కాని ఆసుపత్రి నేటి రోగికి. పరిశోధన రేపటి బిడ్డకు. దాని కేటేట నెంత ధనమిత్తురు? ఫలితములను తెలుగున ఎప్పుడు ప్రకటింతురు? ఓటడుగువాడు దీనికి బదులు చెప్పవలదా?

ఇక కొవ్వాడ. ఒక్కొక్కటి 1208 మెగావాట్ల చొప్పున ఆరు అణు రియాక్టర్ల నచట నెలకొల్ప సంకల్పించిరి. ఆ యూరు శాసనసభకు ఎచ్చెర్ల, లోకసభకు విజయనగరము నియోజకవర్గములలోనిది. 2011లో జపానున ఫుకుషిమా గతి చూచితిమి. ప్రమాదము వచ్చిన గ్రామముల నెన్ని గంటలలో తరలింతురు? జాలరి వలకేమగును? యూనిటు ధర యెంత? కావలెనన్నవాడు వీనికి బదులు చెప్పవలెను. వలదన్నవాడు ప్రత్యామ్నాయ విద్యుత్తు ఎచటనుండి తెచ్చునో చెప్పవలెను.

ఇట్టి ప్రశ్నలు ముందుగా తేలకున్న నేమగునో సోంపేట చెప్పును. బీల నేలలలో తలపెట్టిన థర్మల్ కేంద్రము విషయమున 2010 జూలై 14న పోలీసు తుపాకులు ప్రేలినవి, ప్రాణములు పోయినవి. ఆ నెలలోనే పర్యావరణానుమతి రద్దయ్యెను. ఆ పరిశీలన ముందే జరిగియున్న ఆ ప్రాణములు నిలిచియుండెడివి కావా?

“శాస్త్రము పండితుల పని, మాకేల?” అని కొందఱు తప్పించుకొందురు. వ్యాధిని కుదుర్చుమని వారినెవ్వరును కోరుటలేదు. పండితులు భేదించినప్పుడు ఎవరి మాట విందురు, ఎట్లు నిర్ణయింతురు, నివేదికను ప్రజల ముందుంతురా, దాతురా? అది రాజకీయము గాక మఱేమి? ధనము కేటాయించునది శాసనసభయే గాని ప్రయోగశాల కాదు.

గురజాడ, గిడుగు వారలు పుస్తకములలో భాష యెట్లుండవలెనని సభలలోను పత్రికలలోను నిర్భయముగ వాదించిన సీమ యిది. భాషకు వాదించిన మనము త్రాగు నీటికి వాదింపలేమా?

పౌరులారా! మన గ్రంథాలయములును పఠనమందిరములును ఇందులకే యున్నవి. ప్రతి నియోజకవర్గమునను ఒక దినము నిర్ణయింపుడు. ప్రశ్నలను ముందుగనే ప్రకటింపుడు. వైద్యుని, ఉపాధ్యాయుని, రైతును, జాలరిని ముందువరుసను కూర్చుండబెట్టుడు. అభ్యర్థుల నందఱను పిలువుడు. రానివాని కుర్చీని వేదికమీద ఖాళీగనే యుంచుడు; ఓటరు దానిని చూచి నిశ్చయించుకొనును.