ఒక ప్రశ్నకు రెండు జవాబులా?

చెల్లెళ్ళారా! కొలిమిగుండ్ల హాస్టల్లో మనం చదివేది అక్కలు వదిలి వెళ్ళిన పాత పుస్తకాలే. అవే చదివి నేను నర్సింగులో చేరాను. అక్కడొక బిట్టు: ఆయాసంతో వచ్చిన రోగికి నర్సు మొదట ఏం చేయాలి? తల ఎత్తుగా పెట్టాలా, ఆక్సిజన్ ఇవ్వాలా, నాడి చూడాలా, డాక్టరుకు చెప్పాలా? వార్డులో ఇవన్నీ చేస్తాం. రోగి పరిస్థితి చెప్పకుండా ఏది ముందంటే ఏం గుర్తించాలి? మార్కు పోయింది. ఎందుకు పోయిందో ఎవరూ చెప్పలేదు.

2024 నీట్‌లోనూ ఇలాగే జరిగింది. 'ప్రతి మూలకం' పరమాణువులూ స్థిరమని పాత ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం, 'చాలా మూలకాల'వని కొత్తది. మొదట రెండు జవాబులకూ మార్కులిచ్చారు. జూలైలో సుప్రీంకోర్టు అడిగితే, ఒక్కటే సరైనదని ఐఐటీ ఢిల్లీ నిపుణులు తేల్చారు. పాత పుస్తకాన్ని నమ్మినవారికి 5 మార్కులు తగ్గాయి. పైగా 'కీ' మీద అభ్యంతరం చెప్పాలంటే ప్రశ్నకు 200 రూపాయలు! కూలికి వెళ్ళే అమ్మానాన్నలను ఆ డబ్బు ఎలా అడుగుతాం?

మనం తప్పు రాస్తే మార్కు పోవడం న్యాయమే. ప్రశ్నే సరిగా లేకపోతే ఆ నష్టం మనకెందుకు? కీతోపాటు కారణమూ ప్రకటించాలి. అభ్యంతరానికి రుసుము తీసుకోకూడదు.

మీరూ మార్కు పోయిందని ఏడ్చి ఊరుకోకండి. 'ఎందుకు?' అని టీచరును అడగండి. రేపు రోగి మంచం దగ్గర పనికొచ్చేది ఆ అలవాటే.