రికార్డుకెక్కని జముకు

చూడ్డానికి అదేం పెద్ద వాయిద్యం కాదు. లోపల డొల్లగా ఉండే చిన్న డబ్బాలాంటిది. ఒక పక్క తోలు బిగించి ఉంటుంది. ఆ తోలు మధ్యలోంచి ఒక నరం వస్తుంది. నరాన్ని ఒక చేత్తో బిగలాగి, రెండో చేత్తో మీటితే ‘జుం... జుం...’ అంటుంది. ఇంకాస్త లాగితే గొంతు పెంచుతుంది, వదులు చేస్తే దించుతుంది. రాగాలు పలికించడం దానివల్ల కాదు. కానీ పక్కన నిలబడి ఒక మనిషి మూలుగుతున్నట్టు, ఉన్నట్టుండి ‘ఏం?’ అని నిలదీస్తున్నట్టు వినిపిస్తుంది. ఉత్తరాంధ్రలో దాని పేరు జముకు. దాన్ని పట్టుకుని చెప్పే కథ జముకుల కథ.

అమ్మవారి పండగలకీ, ఊరి జాతర్లకీ మాత్రమే తెలిసిన ఆ వాయిద్యాన్ని 1960ల్లో ఒక గుడి పూజారి చేతుల్లోకి తీసుకున్నారు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, పలాసకు దగ్గర్లోని బొడ్డపాడు ఆయన ఊరు. పేరు సుబ్బారావు పాణిగ్రాహి. ఇంటి భాష ఒడియా. రాసిందీ పాడిందీ తెలుగు. పొద్దున దేవుడికి హారతి ఇచ్చిన ఆ చేతులే రాత్రి జముకు మీటేవి. కథలో రాజులూ రాణులూ ఉండేవారు కాదు. అప్పులిచ్చే షావుకారు, పంట పోగొట్టుకున్న రైతు, అడవి పోగొట్టుకున్న గిరిజనుడు ఉండేవారు.

తెలుగు పాటను ఇంతగా మలుపు తిప్పి, ఇంత తక్కువగా గుర్తుండిపోయిన మనిషి మరొకరు దొరకడం కష్టం.

అరకు నుంచి అటువైపు...

కొండల్లో పాట అనగానే చాలామందికి అరకు గుర్తొస్తుంది. విశాఖలో కిరండూల్ రైలెక్కడం, బొర్రా గుహలు చూడటం, సాయంత్రం థింసా నాట్యం చూసి రావడం. మోరి ఊదుతుంటే, తుడుము మోగుతుంటే ఆడవాళ్లు ఒకరి నడుం మీద ఒకరు చెయ్యేసి గొలుసుకట్టుగా అడుగులేస్తారు. టూరిస్టులకు అదొక ప్రదర్శన. ఊళ్లో మాత్రం అది ప్రదర్శన కాదు. అక్కడ వేదికా లేదు, టిక్కెట్టూ లేదు. ఆడేవాళ్లూ చూసేవాళ్లూ వేరువేరు కాదు. కాసేపటి క్రితం చూస్తూ నిలబడ్డ మనిషే కాసేపటికి గొలుసులో కలుస్తాడు.

అరకు దగ్గర కనిపించే ఈ తూర్పు కనుమల వరసే ఈశాన్యంగా కురుపాం, గుమ్మలక్ష్మీపురం, సీతంపేట మీదుగా సాగిపోతుంది. ఇటు పోర్జాలు, కొండదొరలు, బగతలు ఉంటే అటు సవరలు, జాతాపులు ఉంటారు. గిడుగు రామమూర్తి పంతులు సవర భాష నేర్చుకుని, దానికి నిఘంటువు కట్టింది ఈ కొండల అంచునే. వాడుక భాష కోసం ఆయన చేసిన పోరాటం వెనక, పుస్తకాల్లోకి ఎక్కని మాటకు కూడా మర్యాద ఉందన్న నమ్మకం ఉంది. పాణిగ్రాహి పాటకు పునాది కూడా ఆ నమ్మకమే.

ఆ రోజుల్లో కొండల్లో పరిస్థితి ఇదీ. చింతపండు, కందులు దిగువకు వెళ్లేవి. ఉప్పు, బట్ట, అప్పు ఎగువకు వచ్చేవి. అప్పు తీరేది కాదు, భూమి చేయి మారేది. ఏజెన్సీ భూములు పరాయివాళ్ల పాలు కాకుండా 1917లోనే ఒక చట్టం ఉంది. 1959లో మరో నిబంధన వచ్చింది. కాగితాలు కాగితాల్లోనే ఉన్నాయి. గిరిజన సంఘం ఏర్పడింది. 1967 అక్టోబర్ 31న సంఘం సభకు వెళ్తున్న కోరన్న, మంగన్న అనే ఇద్దరు లేవిడి దగ్గర కాల్పుల్లో చనిపోయారు. అక్కడి నుంచి కొండల కథ మారిపోయింది. వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం లాంటి బడిపంతుళ్లు ముందు నడిచిన ఆ ఉద్యమంలోకి పాణిగ్రాహి తన జముకుతో వచ్చారు.

అదే రోజుల్లో, అమెరికాలో...

1969 ఆగస్టులో అమెరికాలో ఒక రికార్డు విడుదలైంది. మిషిగన్ రాష్ట్రానికి చెందిన నలుగురు కుర్రాళ్ల బృందం అది. పేరు ‘ది స్టూజెస్’. పాడేవాడు ఇగ్గీ పాప్. వాళ్లకు వాయించడం పెద్దగా రాదని అప్పట్లో చాలామంది నవ్వారు. రెండు మూడు స్వరాలు, ఒకే దరువు, అరుపుకీ పాటకీ మధ్య ఉండే ఒక గొంతు. రికార్డులో మొదటి పాట పేరే ‘1969’. అది అంతంతమాత్రంగా అమ్ముడుపోయింది. అమెరికా అమ్మకాల పట్టికలో మొదటి వందలోకి రాలేకపోయింది.

ఏడెనిమిదేళ్లు గడిచాయి. న్యూయార్కులో, లండన్‌లో కొత్త కుర్రాళ్లు గిటార్లు పట్టుకున్నారు. సంగీతం నేర్చుకోనక్కర్లేదు, కోపం ఉంటే చాలు, చెప్పాల్సింది ఉంటే చాలు అన్నారు. దానికి ‘పంక్ రాక్’ అని పేరొచ్చింది. లండన్‌లో గగ్గోలు పుట్టించిన ‘సెక్స్ పిస్టల్స్’ బృందం స్టూజెస్ పాటను తమ కచేరీల్లో పాడింది. అప్పుడుగానీ ఆ పాత రికార్డు విలువ లోకానికి తెలియలేదు. ఇప్పుడది పంక్‌కు పునాదిరాళ్లలో ఒకటి.

బొడ్డపాడుకీ మిషిగన్‌కీ ఏ సంబంధమూ లేదు. ఇక్కడివాళ్లు అక్కడి పేరు వినలేదు, అక్కడివాళ్లు ఇక్కడి జముకు చూడలేదు. అక్కడిది పట్నం కుర్రాళ్ల విసుగు, ఇక్కడిది పొలం పోయిన మనిషి ఆక్రోశం. కానీ సూత్రం ఒక్కటే. పాట పాడాలంటే ఎవరి అనుమతీ అక్కర్లేదు. తేడా కూడా ఒక్కటే. స్టూజెస్ పాట నల్లటి పళ్లెం మీద మిగిలింది కాబట్టి ఏడేళ్ల తర్వాతైనా ఎవరో దుమ్ము దులిపి విన్నారు. పాణిగ్రాహి పాట గ్రామఫోను కంపెనీ కోసం పాడింది కాదు. అది జనం నోళ్లలో మాత్రమే తిరిగింది.

ఏముంది ఆ కథలో?

జనం కోసం కథ చెప్పడం పాణిగ్రాహితోనే మొదలు కాలేదు. 1940ల్లో ప్రజానాట్యమండలి బుర్రకథను చేపట్టింది. షేక్ నాజర్ ఆ కళను ఎక్కడికో తీసుకెళ్లారు. మధ్యలో తంబురాతో కథకుడు, ఇటొకరు హాస్యానికి, అటొకరు రాజకీయానికి... అదొక చక్కటి అమరిక. అయితే నాజర్ స్థాయిలో బుర్రకథ చెప్పాలంటే గొంతు కావాలి, అడుగు కావాలి, ఏళ్ల తరబడి సాధన కావాలి. అది మహావిద్వాంసుల కళ అయిపోయింది.

జముకుల కథ అలా కాదు. మొదటి సంగతి, సరంజామా తక్కువ. చేతిలో పట్టే వాయిద్యం, వెంట ఒకరిద్దరు మనుషులు చాలు. పందిరి లేకపోయినా, మైకు లేకపోయినా, వీధి మలుపులో లాంతరు వెలుగులో అయినా చెప్పేయొచ్చు. పోలీసుల కళ్లు పడిన రోజుల్లో ఆ తేలికదనం చిన్న విషయం కాదు.

రెండోది, బాణీ. జముకు చప్పుడు వినగానే ఊరివాళ్లకు అమ్మవారి పండగ గుర్తొస్తుంది. చెవికి తెలిసిన వరస మీద కొత్త మాట వస్తే కొత్తగా అనిపించదు, ఎప్పట్నుంచో మనసులో ఉన్న మాటే బయటికొచ్చినట్టు ఉంటుంది. పూజారిగా పండగలనూ భజనలనూ దగ్గర్నుంచి ఎరిగిన మనిషికి ఈ రహస్యం తెలియకుండా ఉంటుందా!

మూడోది, వంత. కథకుడు ఒక చరణం అందుకుంటే పక్కవాళ్లు పల్లవి అందుకుంటారు. రెండోసారికి ముందు వరసలోని పిల్లలు, మూడోసారికి వెనకాల నిలబడ్డ ఆడవాళ్లు అందుకుంటారు. థింసా గొలుసులో కలిసినట్టే పాటలో కలుస్తారు. మర్నాడు ఆ పాట కళ్లంలో ఉంటుంది, చెరువు గట్టు మీద ఉంటుంది. పాడినవాడు ఎవరన్నది క్రమంగా ఎవరికీ పట్టదు. జముకుల కథ బలం అదే. దాని శాపం కూడా అదే. అందరి పాట అయిపోయిన క్షణంలోనే రాసినవాడి పేరు రాలిపోతుంది. ఎరుపు రంగంటే భయపడేవాళ్ల గురించి పాణిగ్రాహి రాసిన పాట దశాబ్దాల తరబడి సభల్లో వినిపించింది. చప్పట్లు కొట్టినవాళ్లలో ఎందరికి ఆ పేరు తెలుసు?

ఆ తర్వాత గొంతులు

1969 డిసెంబర్ 22న రంగమటియా కొండల్లో పాణిగ్రాహి పోలీసు తూటాలకు చనిపోయారు. పంచాది నిర్మలతో పాటు మరికొందరు కూడా ఆ రోజు ప్రాణాలు కోల్పోయారు. ఎదురుకాల్పులన్నారు పోలీసులు. పట్టుకుని కాల్చారన్నారు ఉద్యమకారులు. ఆరు వారాలు తిరక్కుండా, 1970 ఫిబ్రవరి మొదట్లో విశాఖలో శ్రీశ్రీ షష్టిపూర్తి జరిగింది. రచయితలారా మీరెటువైపు అని అడుగుతూ విశాఖ విద్యార్థులు కరపత్రం పంచారు. ఆ జూలై 4న హైదరాబాద్‌లో శ్రీశ్రీ అధ్యక్షుడిగా విప్లవ రచయితల సంఘం పుట్టింది. బొడ్డపాడు పూజారి చావు ఆ ప్రశ్నకు ఎంత బరువు తెచ్చిందో ఆనాటి రచయితలందరికీ తెలుసు.

తర్వాత జననాట్యమండలి వచ్చింది. గద్దర్ వచ్చారు, గొంగడి భుజాన వేసుకుని. పార్వతీపురం ప్రాంతం నుంచి వంగపండు ప్రసాదరావు వచ్చారు, కాళ్లకు గజ్జెలు కట్టుకుని. ‘ఏం పిల్లడో ఎల్దమొస్తవ’ అని వంగపండు కట్టిన పాటలో ఉన్నది శ్రీకాకుళం కొండే. అందులో అడవిలోని పిట్టలూ జంతువులూ తిరగబడతాయి. ‘వెళ్దామా’ అని దిద్దకుండా ‘ఎల్దమా’ అనే పాడటం, అదే ఊరి యాసను సభల్లో తలెత్తుకుని నిలబెట్టడం ఆ పాట చేసిన పని. ఆ దారిలో వంగపండు కంటే ముందు నడిచిన జముకు చప్పుడు ఒకటుంది.

వంగపండు 2020 ఆగస్టు 4న, గద్దర్ 2023 ఆగస్టు 6న కన్నుమూశారు. వాళ్ల గొంతులు క్యాసెట్లలో ఉన్నాయి, సినిమాల్లో ఉన్నాయి, సెల్‌ఫోన్లలో ఉన్నాయి. 2020లోనే ‘పలాస 1978’ సినిమా వచ్చి, ఉత్తరాంధ్ర జానపదాన్ని పెళ్లి ఊరేగింపుల దాకా తీసుకెళ్లింది. పలాస పేరు అందరి నోటా పలికింది. ఆ పలాస పక్కనే ఉన్న బొడ్డపాడు పేరు మాత్రం ఎక్కడా వినిపించలేదు.

పాట ఏం చేసింది?

ఆ పాటల్లో లోపాలు లేకపోలేదు. మంచివాడు మరీ మంచివాడు, చెడ్డవాడు మరీ చెడ్డవాడుగా ఉండటం ఇలాంటి కథల స్వభావం. ఆ పాట వెంట వెళ్లిన యువకులు ఎందరో ఇళ్లకు తిరిగి రాలేదు. రెండు వైపులా ప్రాణాలు పోయాయి. 1970 జూలైలో సత్యం, కైలాసం కూడా చనిపోయాక ఉద్యమం వెనకబట్టింది. తుపాకీ దారి మంచిదేనా అన్న వాదన తెలుగు ఇళ్లలో ఈనాటికీ తెగలేదు. పాటను మెచ్చుకోవడానికి ఆ దారిని మెచ్చుకోవాల్సిన పనిలేదు. పాట అడిగిన ప్రశ్నను మాత్రం విని తీరాలి.

ఎందుకంటే ఆ ప్రశ్నకు తర్వాత చట్టమే జవాబు వెతుక్కోవాల్సి వచ్చింది. 1970లో ప్రభుత్వం ఏజెన్సీ భూముల నిబంధనను గట్టిగా బిగించింది. అదే అందరూ ‘వన్ ఆఫ్ సెవెంటీ’ అని పిలుచుకునే చట్టం. గిరిజనేతరులకు ఏజెన్సీ భూమి బదిలీ చెల్లదంది. 1997లో బొర్రా ప్రాంతపు గనుల లీజుల మీద ‘సమత’ సంస్థ వేసిన కేసులో, ప్రభుత్వం కూడా ఆ భూముల్ని గిరిజనేతరులకు లీజుకు ఇవ్వకూడదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అరకు వెళ్లే టూరిస్టులు కిటికీలోంచి చూసి మురిసిపోయే కొండలే అవి. పాట చట్టాన్ని రాయలేదు, నిజమే. చట్టం రాయక తప్పదన్న సంగతిని ఊరూరా చెప్పిన గొంతుల్లో అదొకటి.

అమెరికాలో అమ్ముడుపోని ఒక రికార్డును వాళ్లు వెతికి పట్టుకున్నారు, కొత్తగా అచ్చు వేశారు, దాని మీద పుస్తకాలు రాశారు. ఇక్కడ వెతకడానికి రికార్డు లేదు గానీ, వెతికే చోట్లు ఇంకా ఉన్నాయి. ఉద్దానంలో ఆ కథలు పిల్లలుగా విన్నవాళ్లు ఇప్పుడు అరవై దాటినవాళ్లు. వాళ్లకు పల్లవులు గుర్తుంటాయి. జముకు మీటగలిగిన చేతులు ఉత్తరాంధ్ర ఊళ్లలో ఇంకా కొన్ని మిగిలే ఉన్నాయి. ఇప్పుడు ప్రతి జేబులోనూ రికార్డు చేసే యంత్రం ఉంది. పెద్దవాళ్లను కూర్చోబెట్టి, ‘ఆ పాట ఒకసారి అనండి’ అని అడిగితే చాలు. అడగడం మాత్రం త్వరగా జరగాలి.