మేస్త్రీది 'లేబర్ వీసా', ఆమెది 'తీరికపని'

డాక్టరో ఇంజనీరో అమెరికాకు వెళితే దాన్ని 'మేధో వలస' అంటారు. ప్రజల డబ్బుతో చదువుకుని పరాయిదేశానికి ఉపయోగపడుతున్నారని సంపాదకీయాలు రాస్తారు. అలా వెళ్లినవారి ఆదాయంపై పన్ను వేసి, నష్టపోయిన దేశాలకు ఇవ్వాలని 1970లలో జగదీశ్ భగవతి వంటి ఆర్థికవేత్తలు వాదించారు కూడా. జగిత్యాల తాపీమేస్త్రీ, సిరిసిల్లలో సాంచెల మీద బట్ట నేసిన కార్మికుడు, నిర్మల్ వడ్రంగి దుబాయికో మస్కట్‌కో పోతే మాత్రం అది ఒట్టి 'బతుకుదెరువు'. వీళ్ల చేతుల్లో ఉన్నది నైపుణ్యం కాదా? వాళ్లను తయారుచేయడానికి ఏ ఊరూ, ఏ తల్లీ ఖర్చుపెట్టలేదా?

నైపుణ్యమనే ముద్ర పనితనాన్ని బట్టి పడటం లేదు, బేరమాడే శక్తిని బట్టి పడుతోంది. ఆ శక్తి లేని మేస్త్రీ పనిని గల్ఫ్ చవగ్గా కొంటోంది. అతని వెనుక ఉన్న స్త్రీ శ్రమనైతే అసలు కొనకుండానే వాడుకుంటోంది.

ఈ ముద్ర వేయడంలో మన ప్రభుత్వానికీ వాటా ఉంది. పదో తరగతి పాసు కానివారికి ఇ.సి.ఆర్. పాస్‌పోర్టు ఇస్తారు. ఇరవై ఏళ్లు గోడలు కట్టిన అనుభవం అక్కడ లెక్కకు రాదు. 2020 సెప్టెంబరులో, కరోనాతో పనులు పోయి కార్మికులు తిరిగివస్తున్న సమయంలో, కేంద్ర ప్రభుత్వం గల్ఫ్ ఉద్యోగాలకు తానే నిర్ణయించిన కనీస వేతనాలను తగ్గించింది. యు.ఏ.ఇ., ఖతార్, ఒమన్, బహ్రెయిన్‌లకు అది నెలకు 200 డాలర్లు. తెలంగాణ హైకోర్టులో కేసు పడి, కార్మిక సంఘాలు ఆందోళన చేశాక 2021లో ఆ ఉత్తర్వులను వెనక్కి తీసుకున్నారు. తన ప్రజల ధరను తానే తగ్గించి చెప్పే ప్రభుత్వం పరాయి సేటును ఏం నిలదీస్తుంది?

ఉత్తర తెలంగాణ మగవాళ్లు ఆశపోతుతనంతో దుబాయి పోయారనుకోవడం అన్యాయం. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అనే మాట ఊరికే పుట్టలేదు. నీళ్లులేని పొలాలు, భీవండికి తరలిన నేతగాళ్లు ఒకవైపు. 1978లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించాక మొదలైన పోలీసు నిర్బంధం మరొకవైపు. కొడుకు ప్రాణాలతో ఉంటే చాలని అప్పుచేసి పంపిన తల్లిదండ్రులు తక్కువమంది కాదు.

ఆ అప్పు ఎవరు తీర్చారు? లైసెన్సు ఉన్న ఏజెంటు తీసుకోదగిన రుసుముకు 2017 నుంచి ఉన్న పరిమితి 30,000 రూపాయలు, దానిపై జి.ఎస్.టి. ఊళ్లలో వసూలు చేసేది దానికి ఎన్నో రెట్లు. ఆ సొమ్ము కోసం తాకట్టుకు పోయేది ఆమె పుస్తెలతాడు. సంఘం అప్పు మీద పడేది ఆమె సంతకం. మొదటి జీతం వచ్చేదాకా మిత్తి కట్టేది ఆమె బీడీల కూలీ. చాట ఒళ్లో పెట్టుకుని, తునికాకు తడిపి, కత్తిరించి, తంబాకు పోసి చుట్టి, దారం కట్టి వెయ్యి బీడీలు చేస్తే గానీ లెక్కకు రాని ఈ పనికి 'ఆడవాళ్ల తీరికపని' అని పేరు. అతనిది నైపుణ్యం కాదన్న లోకమే ఈమెది పనే కాదంటోంది.

గల్ఫ్ డబ్బుతో ఇళ్లు లేచాయి, ఆడపిల్లలు కాలేజీకి పోయారు అంటారు. నిజమే. కానీ ఆ ఇంటి పట్టా ఎవరి పేర ఉంది? పనిచేసే వయసులో మనిషిని వాడుకుని, నడుము విరిగాక, కిడ్నీలు చెడ్డాక ఇంటికి పంపితే అతనికి సేవచేసే ఆమె శ్రమను డబ్బు పంపకాల లెక్కల్లో ఏ బ్యాంకు రాస్తోంది?

చావు దగ్గర కూడా ఇదే వరస. ప్రవాసీ భారతీయ బీమా యోజన ప్రమాదంలో చనిపోతే పది లక్షలిస్తుంది. ఎండలో పనిచేసి నిద్రలో గుండె ఆగితే అది 'సహజ మరణం', ఆ పది లక్షలు రావు. ఎమిగ్రేషన్ అనుమతి లేకుండా విజిట్ వీసా మీద పోయినవారికి ఆ బీమాయే ఉండదు. 2024 సెప్టెంబరులో తెలంగాణ ప్రభుత్వం గల్ఫ్ మృతుల కుటుంబాలకు ఐదు లక్షలు ఇస్తామని ఉత్తర్వు ఇచ్చింది. ఎన్నో ఏళ్ల పోరాట ఫలితమది. అయితే అది 2023 డిసెంబరు 7 తరువాతి మరణాలకే. అంతకుముందు శవపేటికలు దించుకున్న స్త్రీలు ఏ లెక్కలోకి వస్తారు?

వలసను ఆపమని మనం అడగటం లేదు. ఆపడమంటే ఏమిటో ఆడవాళ్లకు బాగా తెలుసు. ముప్పై ఏళ్లలోపు స్త్రీలు ఇ.సి.ఆర్. పాస్‌పోర్టుతో ఇంటిపనికి పోరాదన్న నిబంధన వాళ్లను కాపాడలేదు, దొంగదారిలో విజిట్ వీసా ఏజెంటు చేతిలో పెట్టింది. మనం అడిగేది లెక్క, హక్కు.

ఉద్యోగ ఒప్పందం తెలుగులో ఉండాలి, దాని ప్రతి భార్య చేతికో తల్లి చేతికో ముందే ఇవ్వాలి. ఏజెంటు తీసుకున్న ప్రతి రూపాయికీ రసీదు ఇవ్వాలి. గల్ఫ్ డబ్బుతో కొన్న ఇల్లు, భూమి ఇద్దరి పేరా ఉండాలి. మరణం ఏ కారణంతో జరిగినా, ఏ వీసా మీద జరిగినా పరిహారం అందాలి. బీడీ కార్మికురాలికి గుర్తింపు కార్డు, పి.ఎఫ్., కనీస వేతనం ఖచ్చితంగా అమలు కావాలి. పోయినవారు, తిరిగివచ్చినవారు, చనిపోయినవారు, జాడలేనివారు ఎందరో ప్రతి మండలంలో రిజిస్టరు ఉండాలి.

ఆ రిజిస్టరును ప్రభుత్వం మొదలుపెట్టేదాకా ఆగనక్కరలేదు. మన గ్రామ సంఘాల్లోనే పుస్తకం తెరవవచ్చు. ఎవరు పోయారన్నది ఒక వరుసలో రాద్దాం. పక్క వరుసలో అప్పు ఎంత, మిత్తి ఎంత, దాన్ని ఎవరు కట్టారన్నది రాద్దాం. కలెక్టరు ముందు పెట్టవలసినది ఆ రెండో వరుసే.