గాలికి తాళం లేదు

పోయిన శుక్రవారం మధ్యాహ్నం రాయచోటి పక్కనుంచి వచ్చిన కుర్రాడొకడు ఫోన్ చేశాడు. మా పిన్నమ్మ వాళ్ల ఊరివాడు. కువైట్ వచ్చి నాలుగేళ్లయింది, ఇన్నాళ్లూ కంపెనీ రూములో సర్దుకున్నాడు. ఇప్పుడు భార్యనూ రెండేళ్ల కొడుకునూ తెచ్చుకుంటున్నాడు.

"న్నా, ఇల్లు యాడ తీసుకుంటే మంచిది? అబ్బాసియాలో ఒకటి చూసినా, మంగఫ్‌లో ఒకటి చూసినా. అబ్బాసియాలో దొంగతనాలు జాస్తి అంటాండారే, నిజమేనా?"

మంగఫ్ ఇల్లు ఎలా ఉందని అడిగాను.

"అది శానా బాగుంది న్నా. బాల్కనీలో నిలబడితే సముద్రం కనపడతాది. రాత్రిపూట అప్పుడప్పుడు వాసనొస్తాదని హారిస్ చెప్పినాడు. వాసనదేముందిలే, నాలుగు రోజులుంటే అదే అలవాటైపోతాది."

రేపు చెప్తానని పెట్టేశాను. వాడడిగిన తీరు విన్నారు కదా. దొంగతనం గురించి ప్రశ్న వేశాడు, వాసన గురించి తీర్పు చెప్పేశాడు. పదేళ్ల కిందట నేను చేసిందీ అదే. అందుకే ఫోన్లో ఐదు నిమిషాల్లో చెప్పలేక ఇలా కూర్చుని రాస్తున్నాను.

మేం మొదట అబ్బాసియాలో ఉండేవాళ్లం. కువైట్ తెలియనివారికి రెండు మాటలు. ఎయిర్‌పోర్టుకు దగ్గర్లో జిలీబ్ అల్ షుయూఖ్ అని ఒక ప్రాంతం ఉంది. అబ్బాసియా, హసావి అందులోవే. మన కడప, గోదావరి జిల్లాలవాళ్లు, మలయాళీలు, బంగ్లాదేశీలు, ఈజిప్టువాళ్లు ఒకరి మీద ఒకరు పడ్డట్టు బతుకుతారు. ఇండియన్ స్కూళ్లు నడిచిపోయేంత దూరంలో ఉంటాయి. కరివేపాకు దగ్గర్నుంచి తాటిబెల్లం దాకా అన్నీ దొరుకుతాయి. గతుకుల రోడ్లు, పొంగే మురుగు, గుట్టలుపడ్డ చెత్త కూడా ఉంటాయి. పేరు మాత్రం చెడ్డపేరు. జిలీబ్ అనగానే ఊళ్లో ఎవరైనా ముఖం ఒకలా పెడతారు.

మా ఆఫీసులో కూడా పెట్టేవాళ్లు. "ఫ్యామిలీతో అక్కడెలా ఉంటున్నారు సార్?" అని రెండుసార్లు అడిగితే మూడోసారికి నాకే అనుమానం పట్టుకుంది. పేపర్లో జిలీబ్ పేరుతో వచ్చే ప్రతి వార్తా చదవడం మొదలెట్టాను. ఒక రాత్రి మా వీధి చివర ఎవరో పోలీసులమని చెప్పి ఒకతని సివిల్ ఐడీ అడిగి పర్సు లాక్కుపోయారు. నెల తిరక్కుండా మంగఫ్‌లో ఇల్లు తీసుకున్నాను. అద్దె నలభై దినార్లు ఎక్కువ. సముద్రం మాకూ కనపడేది.

వాసన గురించి మా హారిస్ కూడా ముందే చెప్పాడు. నేనూ నవ్వేశాను.

మంగఫ్‌కు దక్షిణాన ఫహాహీల్, దాని పక్కనే మీనా అల్ అహ్మదీ రిఫైనరీ, ఇంకా కిందికి పోతే షుఐబా పారిశ్రామిక ప్రాంతం. వెనకవైపు బుర్గాన్. 1938లో చమురు పడ్డ ఈ బుర్గానే ప్రపంచంలో అతిపెద్ద చమురు క్షేత్రాల్లో ఒకటి. మాకు వచ్చే వాసన వీటిలో ఏ గొట్టానిదని వేలు పెట్టి చూపించలేను. కుళ్లిన కోడిగుడ్డు వాసన, కాలిన నూనె వాసన కలిసినట్టుండేది. రోజూ వచ్చేది కాదు. కువైట్‌లో ఎక్కువ రోజులు వాయవ్యం నుంచి గాలి వీస్తుంది, దాన్ని షమాల్ అంటారు. అది వీచినప్పుడు పొగ మా నుంచి అటు పోయేది. ఆగ్నేయం నుంచి తడిగాలి తిరిగిందా, ఏసీ బట్టలకు కూడా పట్టేది. నేను ఇల్లు చూసింది షమాల్ వీచే రోజు పట్టపగలు.

కుర్రాడు చెప్పినట్టే అలవాటైపోయింది. మూడు నెలలకు మాకసలు వాసనే లేదు. అలవాటైన వాసన పోయిందనుకుంటాం. నిజానికి పోయేది వాసన చూసే శక్తి. మా అమ్మ ఊరినుంచి వచ్చి మొదటి రాత్రే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, "ఇదేం కంపురా, ఎక్కడో గ్యాస్ వదులుతాండాది చూడు" అని వంటింట్లోకి పరిగెత్తింది. మా పొయ్యి ఆపే ఉంది.

అప్పటికి మా పాపకు ఏడాదిన్నరగా దగ్గు. రాత్రిళ్లు పిల్లికూతలు, నెబ్యులైజర్, నెలకోసారి క్లినిక్. గాలివల్లేనా అని డాక్టర్ని అడిగితే, దుమ్ము కావచ్చు, ఏసీ కావచ్చు, గాలి కావచ్చు, ఒక్కదాని మీద నెట్టలేం అన్నాడు. ఆ మాట నిజాయితీగా చెప్పాడు, నేనూ అంతకంటే ఎక్కువ చెప్పను. కానీ ఆ సాయంత్రం నన్ను నేను ఒకటి అడుక్కున్నాను. అబ్బాసియాలో పర్సు పోయింది మా పర్సు కాదు, ఎవరో ముక్కూ మొహం తెలియనివాడిది. దానికి నెలలో ఇల్లు మార్చాను. ఇక్కడ దగ్గేది నా బిడ్డ. ఏడాదిన్నర ఎందుకు ఊరుకున్నాను?

నాకు దొరికిన జవాబు అంత గొప్పగా లేదు. నేను భయపడింది నేరానికి కాదు, జనానికి. ఒక గదిలో పదిమంది ఉండే బ్యాచిలర్లకు, చినిగిన చెప్పుల వాళ్లకు, నేను వచ్చిన కొత్తలో ఎలా ఉన్నానో అలాంటివాళ్లకు. క్రైమ్ అన్న మాట ఆ భయానికి మర్యాదైన పేరు.

కాస్త నింపాదిగా ఆ వార్తలే మళ్లీ చదివి చూడండి. జిలీబ్‌లో తనిఖీలు, ఇంతమంది పట్టివేత అని ఉంటుంది. కింద వివరాల్లోకి పోతే చాలామంది అకామా అయిపోయినవాళ్లు, కఫీల్ దగ్గర్నుంచి వెళ్లిపోయారని కేసు పడ్డవాళ్లు, వేరే చోట పనిచేస్తూ దొరికినవాళ్లు. చట్టం ముందు తప్పే, కాదనను. కానీ అకామా తీరిపోయిన ఒక గోదావరి జిల్లా మేస్త్రీ వల్ల మా పాపకు వచ్చే ప్రమాదమేమిటి? ఈ అరెస్టులన్నీ ఒకే కుప్పలో పడి ఆ పేటకు "నేరాల పేట" అని పేరొస్తుంది. ఆ పేరు చూసి మనం అద్దె కడతాం.

వాసన విషయంలో లెక్క తిరగబడుతుంది. 2009 ఆగస్టులో మిష్రిఫ్‌లో మురుగునీటి పంపింగ్ స్టేషన్ చెడిపోయి శుద్ధి చెయ్యని మురుగు సముద్రంలోకి వదలాల్సి వచ్చింది. మిష్రిఫ్ కలిగినవాళ్ల పేట. దాంతో మిష్రిఫ్ మనుషుల్ని ఎవరూ మురికివాళ్లనలేదు, యంత్రాన్ని తిట్టారు. 2010లో అహ్మదీలో ఇళ్ల కిందనుంచి గ్యాస్ లీకైతే కుటుంబాల్ని ఖాళీ చేయించాల్సి వచ్చింది. అహ్మదీ అంటే ఆయిల్ కంపెనీ చెట్లు నాటి కట్టుకున్న ఊరు. ఇవాళ్టికీ మంచి చోటనే అంటారు. జిలీబ్‌లో మురుగు పొంగితే మాత్రం, వాళ్లంతే, అక్కడి జనమే అంత అంటాం. కంపు ఒకటే అయినా పేదపేటలో అది మనుషుల గుణమైపోతుంది.

ఇక మంగఫ్‌కు దక్షిణంగా ఉమ్ అల్ హైమాన్ ఉంది, అలీ సబాహ్ అల్ సాలెం అని పేరు మార్చారు. అక్కడుండేది కువైటీ కుటుంబాలే. షుఐబా ఫ్యాక్టరీల పొగ మీద వాళ్లు ఏళ్ల తరబడి గొడవ చేశారు. సొంత దేశం, అప్పట్లో ఓటు, పార్లమెంటు కూడా ఉన్నవాళ్లకే గాలి మార్చుకోవడం అంత కష్టమైతే అకామా మీద బతికే మనమెంత? మనకున్న ఒకే ఒక్క ఓటు ఏ ఇంటికి అద్దె కట్టాలన్నదే. దాన్ని కూడా చెడ్డపేరుకు భయపడి వేసేస్తున్నాం.

ఇది కువైట్ గొడవ మాత్రమే కాదు. విశాఖలో ఆర్.ఆర్. వెంకటాపురం మనకు తెలిసిన పేరే. 1961లో హిందుస్థాన్ పాలిమర్స్‌గా పెట్టిన ఫ్యాక్టరీ, తర్వాత ఎల్జీ పాలిమర్స్ అయింది. చుట్టూ ఇళ్లు పెరుగుతూ వచ్చాయి. 2020 మే 7 తెల్లవారుజామున స్టైరీన్ ఆవిరి నిద్రలో ఉన్నవాళ్ల మీదికి వచ్చింది. 12 మంది పోయారు. ఆ రాత్రి ఆ ఇళ్ల తలుపులకు తాళాలు, గడియలు ఉండే ఉంటాయి. గాలికి తాళం లేదు.

నా అభిప్రాయం అదే. దొంగ భయం ఉన్నచోట చెయ్యగలిగింది కొంత ఉంటుంది. గడియ మార్చుకుంటాం, పొద్దుపోయాక ఆ సందులోంచి రాం, పక్కింటి మలయాళీ ఆంటీతో మాట కలుపుకుంటాం. పైగా నేరం సందుసందుకీ గంటగంటకీ మారుతుంది. చెడ్డ గాలికి అలాంటి ఉపాయం లేదు. కిటికీ మూసినా వస్తుంది, పడుకున్న పిల్లల దగ్గరికి ముందు వస్తుంది.

అలాగని ముక్కును గుడ్డిగా నమ్మమనడం లేదు. కుళ్లిన గుడ్డు వాసనొచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్‌నే తీసుకోండి. గాలిలో పది లక్షల భాగాలకు ఒక భాగం కన్నా బాగా తక్కువున్నా ముక్కు పట్టేస్తుంది. అదే 100 భాగాల దగ్గరికొస్తే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. వీధిలో అంత ఉండదు, అది ట్యాంకుల్లో, బావుల దగ్గర పనిచేసేవాళ్ల ప్రమాదం. కానీ వాసన ఉన్నంత మాత్రాన చావు కాదని, వాసన లేనంత మాత్రాన క్షేమం కాదని ఒక్క గ్యాసే రెండూ చెప్తోంది.

ఈ మాటలన్నీ ఒకరోజు మాకు తెలిసిన కోనసీమ అక్కతో అన్నాను. ఆవిడ ఒక క్లినిక్‌లో శుభ్రం చేసే పని, రాత్రి పదింటికి దిగుతుంది. అంతా విని, "మీరు కారులో తిరిగే మనిషి కాబట్టి అలాగే చెప్తారండీ బాబూ. గాలి సంగతి తర్వాత, బస్సు దిగి ఇంటికెళ్లే సందు నాకు ముందు కదండీ?" అంది. నాకు నోరు పెగల్లేదు. ఆవిడ లెక్క తప్పు కాదు. పర్సు పోతే నేను పోలీస్ స్టేషన్‌కు వెళ్తాను. కాగితాలు సరిగా లేని ఆడమనిషి ఎక్కడికి వెళ్తుంది? ఫిర్యాదు చేసుకోలేనివాళ్లకు చిన్న నేరం కూడా పెద్దదే. కాబట్టి ఈ తూకంలో అందరికీ ఒకే రాయి పనికిరాదు. ఎవరు, ఏ వేళకు, ఎలా ఇంటికి చేరతారన్నది చూసుకునే తూచాలి.

ఇంకొకటి కూడా చెప్పాలి. 2024 జూన్ 12న అదే మంగఫ్‌లో కార్మికులుండే ఒక బిల్డింగ్ తగలబడి సుమారు యాభై మంది పోయారు, ఎక్కువమంది మన దేశంవాళ్లే. అప్పటికి మేం ఫర్వానియాకు వచ్చేశాం. అది దొంగ చేసిందీ కాదు, ఫ్యాక్టరీ చేసిందీ కాదు. పేట మంచిదా చెడ్డదా అని వెయ్యిసార్లు అడిగేవాళ్లం, బిల్డింగ్ మెట్లు ఖాళీగా ఉన్నాయా, మేడ తలుపు తెరుచుకుంటుందా అని ఒక్కసారి అడగం.

శనివారం ఆ కుర్రాడికి ఫోన్ చేశాను. ఇంతా చెప్పలేదు. మంగఫ్ వద్దనలేదు, అబ్బాసియా తీసుకోమనలేదు. రెండు చోట్లకీ గాలి తిరిగిన రోజు చూసుకుని, రాత్రి పదకొండుకు ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి వెళ్లి, కారు దిగి అరగంట నడవమన్నాను. ఆ పేట గురించి ఆఫీసువాళ్లను కాదు, అక్కడే పిల్లల్ని పెంచుతున్న ఆడవాళ్లను అడగమన్నాను. మెట్లు చూడమన్నాను.

"అంతేనా న్నా? ఇంగ దొంగతనాల సంగతి?"

"అదీ వాళ్లనే అడుగు. కానీ వాసన సంగతి ముందడుగు."

"సరేలే న్నా" అన్నాడు. గొంతు చూస్తే సముద్రం కనపడే బాల్కనీ ఇంకా వాడి కళ్లముందే ఉన్నట్టుంది. అప్పట్లో నాకెవరైనా చెప్పి ఉంటే నేను మాత్రం విని ఉండేవాణ్నా?