క్రిస్మస్ నాడు ముగిసిన ఏలుబడి



డిసెంబరు వస్తే మనము గుడికి సున్నము వేయించి, నక్షత్రము కట్టి, పిల్లలకు క్రొత్త బట్టలు కుట్టిస్తాము. 1989లో ఆ నెలలోనే ఐరోపాలోని రొమేనియా దేశములో జరిగిన సంగతి కుటుంబ ప్రార్థనలో తలచుకోదగినది.

నికొలాయ్ చౌషెస్కు 1918లో పేద రైతు ఇంట పుట్టాడు. చిన్నతనములోనే బుఖారెస్టు నగరము చేరి చెప్పులు కుట్టు పనిలో కుదిరాడు. నిషేధములో ఉన్న కమ్యూనిస్టు పార్టీలో చేరి పలుమార్లు జైలుకు వెళ్లాడు. 1965లో పార్టీ నాయకుడు, 1974లో దేశాధ్యక్షుడు అయ్యాడు. 1968లో సోవియట్ సేనలు చెకోస్లొవేకియాలో చొరబడినప్పుడు, అది తప్పని బహిరంగముగా అన్నందుకు ప్రజలు అతనిని ఎంతో మెచ్చుకున్నారు.

తరువాత పొగడ్త లేనిదే అతనికి రోజు గడవలేదు. ఎటు చూచినా అతని పటములే. భార్య ఎలీనాకు కూడ ఉన్నత పదవి ఇచ్చాడు. 1980 తరువాత విదేశీ అప్పు తీర్చాలని పంటను ఎగుమతి చేయించాడు. జనము రొట్టె కోసము వరుసలలో నిలబడ్డారు. గడ్డకట్టే చలిలో ఇండ్లకు వేడి లేదు, దీపములు సరిగా వెలగలేదు. అదే కాలములో తాను బ్రహ్మాండమైన భవనము కట్టిస్తూ, ఆ ప్రాంతములో ఇండ్లను, గుడులను కూలగొట్టించాడు.

తిమిషోవారా పట్టణములో లాస్లో టోకేష్ అనే సంఘ కాపరి ప్రభుత్వమును విమర్శించాడు. అతనిని ఇంటినుండి వెళ్లగొట్టబోగా, డిసెంబరు 15న సంఘస్థులు ఆ ఇంటిచుట్టు నిలిచారు. వారు హంగేరియన్ భాషవారు. అయినా రొమేనియన్లు, ఇతర సంఘములవారు వచ్చి వారితో కలిశారు. 17న సైన్యము జనముపై కాల్పులు జరిపింది. 21న బుఖారెస్టు సభలో చౌషెస్కు మాట్లాడుచుండగా జనము కేకలు వేశారు. మరునాడు అతడు హెలికాప్టరులో పారిపోయి పట్టుబడ్డాడు. క్రిస్మస్ నాడు హడావుడిగా విచారించి భార్యాభర్తలిద్దరినీ కాల్చివేశారు. ఆ రోజుల అల్లకల్లోలములో వెయ్యిమందికి పైగా చనిపోయారు.

ఆ మరణమును చూచి మనము సంతోషించరాదు. అంత తొందరగా ముగిసిన విచారణను న్యాయమని కూడ అనలేము. నన్ను కలవరపరచేది వేరొకటి. పేదరికము, జైలు ఎరిగిన మనిషి ఇతరుల ఆకలిని ఎట్లు మరచిపోయాడు? నెబుకద్నెజరు కథ మనకు తెలిసినదే. కాని మరచిపోవుటకు సింహాసనమే అక్కరలేదు. నాలుగెకరములు కొన్న తరువాత కూలివానికి మనము పెట్టే అన్నము ఎట్టిది? అత్తగారి స్థానము వచ్చిన తరువాత కోడలితో మన మాట ఎట్టిది?

తిమిషోవారాలో ఆ రాత్రి నిలబడినవారు సామాన్యులు. చలిలో, భయములో, తమ కాపరిని విడువలేదు. మన సంఘములో ఒకరికి అన్యాయము జరిగితే వారి వాకిట నిలిచేది ఎందరము? ఈ రాత్రి ప్రార్థన తరువాత ఇంటివారందరు ఒకరినొకరు అడుగుకొనుడి.